సూటివారధి సూత్రం

అది ఒకప్పుడు సముద్రం. దాని మీద ఓడలు తిరిగాయి. చంద్రవంక రాజ్యపు రాజకుమార్తెలు పగడాల కోసం పడవలెక్కి విహరించారు. క్షారకేతుడనే మాంత్రికుడు ఒకనాడు ఒడ్డున కూర్చుని, దోసిలి పట్టి, ఆ నీటినంతా ఒక్క గుక్కలో తాగేశాడని జనం చెప్పుకుంటారు. దాహం తీరినవాడు లేచి పోవచ్చుగా? పోలేదు. అడుగున మిగిలిన ఉప్పుకు తానే రాజునని చాటించుకుని, దాని నడుమ స్ఫటిక గోపురం కట్టుకుని కూర్చున్నాడు. లోభికి ఉప్పు కూడా బంగారమే మరి.

ఇప్పుడక్కడ కనుచూపు మేర తెలుపు. గచ్చు చేసినట్టు పరుచుకున్న ఉప్పు పొర, పొర కింద కుతకుత ఉడికే ఉప్పునీరు, పొర మీద తాటిచెట్టు ఎత్తున కదలకుండా నిలిచిన తెల్లని పొగ. అక్కడ పిట్ట ఎగరదు, గడ్డి మొలవదు. నోరు విప్పి మాట్లాడితే మన మాట మనకే చప్పగా వినిపిస్తుంది. ఆ మైదానానికి దక్షిణాన ఒక గట్టు తూర్పుకేసి సాగుతుంది, పడమట ఒక గట్టు ఉత్తరానికేసి సాగుతుంది. రెండూ కలిసే మూలలో నిలువెత్తు నల్లరాయి ఒకటి పాతి ఉంది. దాన్ని మూలరాయి అంటారు.

ఆ మూలరాయి దగ్గరికి, కావడి మోసుకుంటూ, ఒంటరిగా వచ్చాడు పోలన.

నాగకేసరాల అడవిలో పాముల రాణి పెట్టిన మూడు పరీక్షలూ గెలిచి, గద్దల కనుమలో గుర్రాన్ని పోగొట్టుకుని, ఐదు రోజులుగా మనిషి ముఖం చూడకుండా నడిచి వచ్చాడతను. చంద్రవంకలో పొలాల హద్దులు కొలిచే కొలతగాళ్ళ వంశం వాళ్ళది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి బయ్యనను పన్నెండేళ్ళ కిందట క్షారకేతుడి భటులు పొలంలోంచి ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి పోలన బాబాయిల ఇళ్ళలో, ఒకరి పంచన ఆరు నెలలు, ఇంకొకరి పంచన ఆరు నెలలు పెరిగాడు. పిలిచి అన్నం పెట్టినవాళ్ళున్నారు, కాదనకూడదు. కానీ వాకిట్లో నిలబడి అతని కోసం ఎదురుచూసినవాళ్ళు ఎవరూ లేరు. ఉన్న ఒక్క మనిషినీ వెనక్కి తెచ్చుకుందామని బయలుదేరాడు.

మూలరాయి దగ్గర ఇద్దరు భటులు కాపలా ఉన్నారు. ఒళ్ళు మనిషిది, ముఖం కాకిది. కొలతగాడన్నవాడు ఎవడూ లోపలికి పోకూడదని, తాడుగానీ గడగానీ దొరికితే అక్కడికక్కడే కళ్ళు పొడిచెయ్యమని వాళ్ళకు ఆజ్ఞ.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు పెద్ద కాకి.

"ఉప్పు బేరగాణ్ణి దొరా."

"ఉప్పు మైదానంలో ఉప్పమ్ముతావా? నీకేమైనా పిచ్చా?"

"అమ్మడానికి కాదు దొరా, కొనడానికి. మా ఊళ్ళో ఉప్పు లేక కూరలు చప్పిడివైపోయి అల్లుళ్ళంతా అలిగి పోతున్నారు. బెల్లం తెచ్చాను. బెల్లమిచ్చి ఉప్పు పట్టుకుపోతాను."

బెల్లం మాట వినగానే రెండు ముక్కులూ ముందుకు వంగాయి. పోలన తెచ్చింది మామూలు బెల్లం కాదు, ముదురు పాకం పట్టి, జిల్లేడు పాలంత జిగటగా చేసి తెచ్చినది. చిన్న కాకి ఒక ముద్ద నోట కరిచింది. పెద్ద కాకి రెండు ముద్దలు కరిచింది. అంతే, ముక్కులు రెండూ తాళం వేసినట్టు అతుక్కుపోయాయి. కావుమని అరవబోతే ఊఁ ఊఁ అని మూలుగే వచ్చింది. పోలన వాళ్ళను వాళ్ళ తలపాగాలతోనే మూలరాయికి కట్టేసి, కావడి దించి, బుట్టల ఉట్లు విప్పాడు. ఆ ఉట్లు అల్లింది తండ్రి వాడిన కొలతాడుతో. సరిగ్గా ఇరవై బారల తాడు.

"బయ్యన కొడుకువి కదూ?" అంది ఒక ముసలి గొంతు.

పోలన ఉలిక్కిపడి తిరిగాడు. గట్టు కింద ఉప్పు మడిలో వంగి ఉప్పు గోకుతున్న ముసలిది నడుము పట్టుకుని లేచింది. ఆమె పేరు నాంచారి. సముద్రం ఉన్న రోజుల నుంచీ అక్కడే ఉంది. మిగిలిన ఉప్పరివాళ్ళంతా వలసపోయినా, పోవడానికి చోటు లేక ఆమె ఒక్కతే మిగిలిపోయింది.

"ఎలా పోల్చావు అవ్వా?"

"నడకను బట్టి నాయనా. కొలతగాళ్ళ అడుగులు ఒక్కదానికొక్కటి తేడా రావు. ఇన్నాళ్ళకొచ్చావా తండ్రీ! ఇంకొక్క రోజు ఆలస్యమైతే రానక్కర్లేకపోయేది."

"అంటే?"

నాంచారి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ పొర కింద రాతివారధి ఒకటుంది. బెత్తెడు లోతున ఉప్పు కప్పి ఉంటుంది, వెడల్పు మూరెడు. ఈ పడమటి గట్టు దగ్గర మొదలై గోపురం దాకా సూటిగా పోతుంది. ఎండకు అది రోజూ మెలి తిరగబోతుందట. సూటిగా నడవడం వచ్చినవాడు లెక్కపెడుతూ దాని మీద అటూ ఇటూ తిరుగుతుంటేనే అది సూటిగా నిలుస్తుంది. అందుకే మీ నాన్నను తెచ్చి, కాలికి గొలుసేసి తిప్పుతున్నాడు ఆ చచ్చినోడు. పన్నెండేళ్ళు నిండిన నాటి పొద్దు గుంకిందంటే, నడిచేవాడు నడుస్తున్న చోటే ఉప్పు గుంజయిపోతాడు. ఇదివరకు ఇద్దరు అలాగే అయిపోయారు. మీ నాన్న గడువు ఇవాళే."

పోలన పొద్దు వైపు చూశాడు. నడినెత్తి దాటి చాలాసేపయింది.

"గొలుసు విడిపించే దారుందా?"

"రెండో కొస గోపురం గుమ్మంలో ఒక మేకుకుంది. మనిషన్నవాడు చేత్తో ఊడబీకితే ఊడుతుందంటారు. కానీ అక్కడికి పోవాలంటే వారధి మీదే పోవాలి. వారధి మీద మీ నాన్న ఉంటాడు. దారి లెక్క చెప్పినవాణ్ణి పోనిస్తాడు, చెప్పలేనివాణ్ణి కర్రతో పక్కకు తోస్తాడు. కొడుకని చూడడు నాయనా. ఆయనకిప్పుడు ఏమీ గుర్తు లేదు."

"వారధి ఎక్కడ మొదలవుతుందో నీకు తెలియదా అవ్వా?"

"గట్టంతా ఒకటే తెలుపు. ఈ పొగలో గొంతు నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది, ఏ దిక్కని చెప్పను? మతి ఉన్న మొదటి రోజుల్లో మీ నాన్న ఒక మాట కేకేసి చెప్పాడు. నా కొడుకొస్తే చెప్పవ్వా అన్నాడు. అది మాత్రం రోజూ పొద్దున్నే ఒకసారి అనుకుంటాను, మరిచిపోతానేమోనని." నాంచారి కళ్ళు మూసుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మూలరాయి నుంచి మూడు తాళ్ళు తూర్పు, పదకొండు ఉత్తరం, అక్కడొక గుంజ. ఆరున్నొక్కటి తూర్పు, పంతొమ్మిది ఉత్తరం, అక్కడ రెండో గుంజ. వారధి ఈ రెంటి మీదుగా పోతుంది."

పన్నెండేళ్ళ పాటు ఒక ముసలిదాని నోట్లో దాగి ఉన్న తండ్రి మాట అది. కానీ ఏడుస్తూ కూర్చునే సమయమా అది? పోలన కాలి బొటనవేలితో ఉప్పులో గీత గీశాడు.

కొలతగాళ్ళ విద్యలో మొదటి పాఠం ఇదే. రెండు చోట్లు తెలిస్తే వాటి మీదుగా పోయే సూటిదారి ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు. ఆ దారిని పట్టుకోవడానికి రెండే సంగతులు కావాలి. ఒకటి దాని వాలు, రెండోది దాని మొదలు. ఈ రెండూ కలిపి చెప్పే మాటను సూత్రం అంటారు. సూత్రమంటే తాడే కదా! తాడు చేతిలో ఉన్నంత గట్టిగా దారి చేతిలో ఉంటుందన్నమాట.

'మొదటి గుంజ నుంచి రెండో గుంజకు తూర్పు మూడు నుంచి ఏడయింది. నాలుగు తాళ్ళు పెరిగింది. ఉత్తరం పదకొండు నుంచి పంతొమ్మిదయింది. ఎనిమిది పెరిగింది. నాలుగుకు ఎనిమిదంటే ఒకటికి రెండు. తూర్పుకు ఒక తాడు జరిగితే ఉత్తరానికి రెండు తాళ్ళు జరగాలి. ఇది వాలు. ఇక మొదలు. మొదటి గుంజ నుంచి మూడు తాళ్ళు వెనక్కి వస్తే పడమటి గట్టు. మూడు తాళ్ళు వెనక్కి వచ్చానంటే ఉత్తరం ఆరు తాళ్ళు తగ్గాలి. పదకొండులో ఆరు పోతే ఐదు. గట్టు మీద మూలరాయికి ఐదు తాళ్ళ దూరంలో వారధి మొదలు.'

"తూర్పుకు ఎంతో దానికి రెండింతలు, దాని మీద ఐదు. ఇదే సూత్రం. వస్తానవ్వా!" అన్నాడు.

"జాగ్రత్త నాయనా. మీ నాన్నను తెచ్చావంటే ఇద్దరికీ గంజి కాస్తాను. ఒక్కదానికే కాచుకుని కాచుకుని విసుగెత్తింది," అంది నాంచారి.

ఇల్లు అలకగానే పండగ అవుతుందా? కానీ పోలన అది అప్పుడు ఎరగడు. ఉత్సాహంగా గట్టు వెంట ఐదు తాళ్ళు కొలిచాడు. అక్కడ ఒక రెల్లుపుల్ల పాతాడు. తాడులో ఒక పాలు తూర్పుకు, రెండు పాళ్ళు ఉత్తరానికి కొలిచి రెండో పుల్ల పాతాడు. మొదటి పుల్ల రెండో పుల్ల వెనక దాగేలా నిలబడి మూడోది, అలాగే నాలుగోది. వెనక పుల్లలు పీకి ముందు నాటుకుంటూ, కావడిబద్దతో ముందు చోటును తట్టి చూసుకుంటూ పొగలోకి దిగాడు.

గట్టు దగ్గర పొర మందంగా ఉంది. కింద రాయి తగలకపోయినా, ఉప్పు ఎక్కువ పేరుకుందేమోలే అనుకున్నాడు. ఒక తాడు దాటాడు, రెండు దాటాడు. వెనక గట్టు మాయమైంది. ముందు ఏమీ లేదు, పక్కన ఏమీ లేదు. పొద్దు ఒక తెల్లని మచ్చలా ఉంది. అతని అడుగుల చప్పుడు తప్ప ఈ లోకంలో ఇంకో చప్పుడు ఉందా అనిపించింది. పాముల రాణి కనీసం బుసకొట్టి పలకరించింది. ఇక్కడ శత్రువు కూడా పలకరించడు.

మూడో తాడు దగ్గర ఆగాడు. లెక్క ప్రకారం మొదటి గుంజ అక్కడే ఉండాలి. బద్దతో చుట్టూ తట్టాడు. లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో వెతికాడు. గుంజా లేదు, రాయీ లేదు. చేతికింద పొర గాజులా పలచగా ఉంది. దాని కింద వేడినీరు బుడగలు బుడగలుగా కదలడం కనిపిస్తోంది.

టప్‌మని ఒక చీలిక అతని వెనక నుంచి పాకుతూ పోయింది. వచ్చిన దారిలోని ఉప్పు పలకలు ఒక్కొక్కటే వంగి, ఆవిరి చిమ్ముతూ మునిగాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోలన బద్దను అడ్డంగా పరిచి దాని మీద బోర్లా పడి ఊపిరి బిగబట్టాడు. లెక్క తప్పయిందా? నాలుగుకు ఎనిమిది, తప్పులేదు. మూడుకు ఆరు, తప్పులేదు. మరి నాన్న తప్పు చెప్పాడా?

అప్పుడు వినిపించింది ఒక గొంతు. ఎక్కడి నుంచో తెలియదు, నాలుగు దిక్కుల నుంచీ వచ్చినట్టుంది.

"లాభం..."

తరవాత గొలుసు ఈడ్చుకునే చప్పుడు. చాలాసేపటికి, "రెండు..."

మళ్ళీ గొలుసు. "మూడు!" అన్న మాటతో పాటు కర్రతో రాతిని కొట్టిన మోత. టక్, టక్. గొంతును పొగ చెదరగొట్టగలదు గానీ రాతి మోతను చెదరగొట్టలేదు. ఆ మోత అతనికి వెనక నుంచి, కాస్త ఎడమగా వచ్చింది. అది మొదటి గుంజ.

పోలన లేవలేదు. లాభం! చంద్రవంకలో ఎవరూ ఒకటి అనరు. ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని లాభం అంటాడు. పొలం కొలిచేవాడు ఇంకొక అడుగు ముందుకు పోయి, తాడు పరచకముందే, నిలబడిన హద్దురాయికి దండం పెట్టి దాన్నే లాభం అంటాడు. రాయి దగ్గర ఇంకా ఏమీ కొలవలేదు నిజమే, కానీ ఏమీ లేదని నోటితో అంటే అశుభమట. ఒక తాడు నడిచాక రెండు అంటాడు. ఏడు అంటే ఏడుపు తగులుతుందని ఆరున్నొక్కటి అంటాడు. నాంచారి ఆరున్నొక్కటి అని చెప్పినప్పుడే తనకు తట్టవలసింది. ఏడు అననివాడు ఒకటి మాత్రం అంటాడా? రాజుగారి కచేరీలో లెక్కలు నేర్చుకుని, సున్న నుంచి మొదలుపెట్టడం అలవాటై, ఇంటి లెక్క మరిచిపోయాడు. పరాయి ఊరివాడైతే ఆరున్నొక్కటి అంటే ఏమిటని అడుగుతాడు, ఈ తప్పు చెయ్యడు, తండ్రి దగ్గర పూర్తిగా పెరిగినవాడూ చెయ్యడు. సగం సగం పెరిగిన తనబోటివాడే చేస్తాడు.

'నాన్న మూడు అంటే మూలరాయికి రెండు తాళ్ళే. పదకొండు అంటే పదే. రెండు తాళ్ళు వెనక్కి వస్తే నాలుగు తగ్గాలి. పదిలో నాలుగు పోతే ఆరు! వారధి మొదలు ఆరు తాళ్ళ దగ్గర. వాలు తప్పు కాలేదు. మొదలు తప్పింది. ఒక్క తాడు తప్పింది.'

ఈలోగా గొలుసు చప్పుడు అతని పక్కకు వచ్చింది. పోలనకు ఇంక ఆగబుద్ధి కాలేదు. బద్దను ముందుకు నెట్టుకుంటూ, పొర చిట్లని చోటల్లా చూసుకుంటూ, ఆ చప్పుడుతో సమంగా సాగాడు.

"నాన్నా!" అని అరిచాడు.

"నాలుగు..."

"నాన్నా, నేను పోలన్ని!"

"ఐదు..."

అతను వేగం పెంచితే చప్పుడు వెనకబడింది, ఆగితే ముందుకు పోయింది. కానీ ఎంత నడిచినా దగ్గర కాలేదు, ఎంత నడిచినా దూరం కాలేదు. ఒకే వాలున్న రెండు దారులు ప్రపంచం చివరిదాకా పోయినా కలవవని తెలిసిన విద్యే అతనికి. తెలిసినా ఇంతగా బాధిస్తుందని తెలియదు. పన్నెండేళ్ళుగా ఈ మనిషి ఏ దిక్కున ఉన్నాడో కూడా తెలియక బతికాడు. ఇప్పుడు పది బారల దూరంలో ఆయన దగ్గు వినిపిస్తోంది. కాలు ఈడుస్తున్నాడని కూడా తెలుస్తోంది, కుడికాలు. పొగకు ఇవతల ఒకడు, అవతల ఒకడు, ఇద్దరూ ఒక్కలాంటి అడుగులే వేస్తున్నారు. పోలన కళ్ళలోంచి కారిన నీళ్ళు పెదాల మీదికి వచ్చాయి. ఈ పాడు మైదానంలో వాటి ఉప్పు కూడా వేరుగా తెలియలేదు.

ఇలా నడిస్తే లాభం లేదు. దారి మార్చాలి. ఉత్తరానికి పోతే వారధి పూర్తి తాడు దూరం. అదే తిన్నగా పడమరకు పోతే? ఉత్తరానికి రెండైతే తూర్పు–పడమరల్లో ఒకటి కనక సగం తాడే. పది బారలు. సూత్రం సరైనదైతే పది బారలకు రాయి తగలాలి. తగలకపోతే ఇంక చూసుకోవలసిన పనే ఉండదు.

పుల్లలు పారేశాడు. బద్దను పొర మీద అడ్డంగా వేసి, దాని మీద ఛాతీ ఆన్చి, బల్లిలా పడమటికి పాకడం మొదలుపెట్టాడు. ఒక బార, రెండు బారలు, మూడు. పొట్ట కింద ఉప్పు పెనంలా కాలుతోంది. ఆరో బార దగ్గర పొర ఊగింది. ఎనిమిదో బార దగ్గర కావడిబద్ద ఫెళ్ళున విరిగి ఒక ముక్క నీటిలో పడి, ఉడికిన ములక్కాడలా తేలింది. తొమ్మిదో బార దగ్గర పొర పూర్తిగా పగిలింది. ఎడమకాలు మోకాలి దాకా మునిగింది. కెవ్వున అరిచి, ఉన్న బలమంతా పోగుచేసుకుని ముందుకు ఎగిరాడు. చేతులు ఉప్పును చీల్చుకుని దిగాయి. వేళ్ళకు చల్లగా, గట్టిగా ఏదో తగిలింది.

రాయి!

పోలన దాన్ని రెండు చేతులా కావలించుకుని పైకి పాకాడు. కాలు బొబ్బలెక్కింది. నిలబడి ఊపిరి తీసుకునేలోగా పొగలోంచి ఒక ఇనపకర్ర కొస వచ్చి అతని గుండె మీద ఆగింది.

కర్ర వెనక బయ్యన నిలబడి ఉన్నాడు. గడ్డం నాభి దాకా పెరిగింది. కనుబొమల మీద, చెవుల మీద, భుజాల మీద ఉప్పు పేరుకుంది. మడమ దగ్గర బిగించిన గొలుసు గోపురం వైపుకు పోయి పొగలో కలిసిపోయింది. పాదాలు అప్పుడే తెల్లబడుతున్నాయి. చీలమండల దాకా చర్మం లేదు, ఉప్పే.

"ఎవరక్కడ? దారి చెప్పు," అన్నాడు బయ్యన. ఆ గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు.

"తూర్పుకు ఎంతో దానికి రెండింతలు. దాని మీద ఆరు," అన్నాడు పోలన గబగబా.

"తప్పు."

కర్ర గుండెకు నొక్కుకుంది. పోలన మడమలు రాతి అంచు మీదికి జారాయి. కింద నీరు ఉడుకుతోంది. ఆరు తప్పెలా అవుతుంది? ఆ ఆరే కదా తనను రాతి మీదికి చేర్చింది! ఇంకొక్క తోపుకు పడిపోతాడనగా అతనికి తట్టింది. తాను చెప్పింది కచేరీ లెక్క. అడిగింది రాజుగారి కచేరీ కాదు.

"ఆగు! మూలరాయిని లాభం అనుకుని లెక్కపెడితే, రెండింతల మీద ఐదు! మూడుకు పదకొండు. ఆరున్నొక్కటికి పంతొమ్మిది!"

కర్ర దిగింది.

"ఇదీ లెక్కంటే. నువ్వు మావాడివిలా ఉన్నావే! ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అన్నాడు బయ్యన. మొదటిసారి ఆ ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

"నీ దగ్గరే నాన్నా. నేను పోలన్ని. నీ కొడుకుని."

బయ్యన అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. మీసాలను చూశాడు, విశాలమైన భుజాలను చూశాడు. తరవాత తల అడ్డంగా ఊపాడు, అబద్ధమాడిన పిల్లవాణ్ణి క్షమించినట్టు.

"మా పోలన పసివాడు బాబూ. ఈ మధ్యనే ఆరున్నొక్కటి నిండాయి. తాడు కొస పట్టుకుని నా వెనకాలే నడుస్తాడు. ఇప్పుడూ గట్టు మీద కూర్చుని ఉంటాడు, అన్నం కూడా తిని ఉండడు. నాకు ఈ పని ఇవాళతో అయిపోతుందన్నారు. పొద్దు గుంకితే ఇంటికి పోవచ్చునట."

ఉప్పు బయ్యన పిక్కల దాకా ఎక్కింది. ఆయన దానికేసి చూసుకోలేదు. పొద్దు మచ్చ పడమటి గట్టు మీదికి జారుతోంది.

"త్వరగా దాటు. నాకింకా ఒక తిరుగుడు మిగిలింది," అన్నాడు బయ్యన.

మూరెడు వెడల్పు వారధి మీద ఇద్దరు మనుషులు ఒకరినొకరు దాటాలంటే ఒక్కటే మార్గం. ఒకరినొకరు పట్టుకుని చుట్టూ తిరగాలి. పోలన తండ్రి నడుము చుట్టూ చేతులు వేశాడు. బయ్యన కొడుకు భుజాలు పట్టుకున్నాడు, బరువైన మూటను పట్టుకున్నట్టు, జాగ్రత్తగా. ఆ ఒళ్ళు ఎముకలూ ఉప్పూ తప్ప ఇంకేమీ కాదు. తిరగడానికి మూడు అడుగులు చాలు. పోలన ఆరు వేశాడు. తరవాత వదలవలసి వచ్చింది.

ఇప్పుడు గోపురం అతనికి ఎదురుగా ఉంది. పలచబడిన పొగలోంచి దాని స్ఫటిక శిఖరం ఎర్రగా మెరుస్తోంది. దాని గవాక్షాల్లో కాకిముఖాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కావుమని మొదటి కేక వినిపించింది. వాటిలో బెల్లం తిన్నది ఒక్కటీ లేదు. వారధి చివర రాతి తలుపు కిర్రుమంటూ తెరుచుకుంటోంది, దాని గడప మీద మేకు నల్లగా కనిపిస్తోంది.

"బాబూ!" అని వెనక నుంచి పిలిచాడు బయ్యన.

పోలన తిరిగి చూశాడు.

"తిరిగి గట్టు మీదుగానే పోతావు కదూ? మావాడు కనిపిస్తే చెప్పు, భయపడొద్దని. నాన్న వచ్చేస్తున్నాడని."

"చెబుతాను," అన్నాడు పోలన.

బొబ్బలెక్కిన కాలితోనే, తెరుచుకుంటున్న ఆ తలుపుకేసి పరుగెత్తాడు.